విన్నవారే తేల్చాలి: సిమెంటు జరిమానాపై ఒక సంవాదం

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి వెంట ఉన్న జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగమయ్యాయి. ఇక్కడి పైనేల పత్తికి అనువైన నల్లరేగడి కాగా, జగ్గయ్యపేట పరిసరాల్లో దాని అడుగున ఉన్నది సున్నపురాయి. ఆ రాయి కోసమే జయంతిపురంలో మద్రాస్ సిమెంట్స్ (నేటి రామ్‌కో), ముక్త్యాలలో కేసీపీ, బూదవాడలో జైప్రకాశ్ సంస్థ కర్మాగారాలు నెలకొల్పగా, వాటిలో బూదవాడ కర్మాగారం 2017లో అల్ట్రాటెక్ చేతికి వెళ్ళింది. సిమెంటు ఈ ప్రాంతం నుంచి బయటికి వెళ్ళే సరుకు, పత్తి విత్తనం బయటినుంచి వచ్చే సరుకు. అయినా రెండింటిలో దేని ధరా ఇక్కడ నిర్ణయం కాదు.

వ్యాపారుల మధ్య పోటీని అణచివేసే ఒప్పందాలను, మార్కెట్టులో పైచేయి ఉన్న సంస్థ ఆ బలాన్ని దుర్వినియోగం చేయడాన్ని నిషేధించి, పెద్ద సంస్థల విలీనాలను ముందుగా పరిశీలించే శాసనాన్ని 'పోటీ చట్టం, 2002' అంటారు. 1969 నాటి గుత్తాధిపత్య, నిర్బంధ వర్తక విధానాల చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టంలోని ప్రధాన నిషేధాలు 2009 మే 20 నుంచి అమలులో ఉన్నాయి. దీన్ని అమలు చేసేది భారత పోటీ కమిషన్. దీని కింద ఫిర్యాదుదారుల తరఫునో కంపెనీల తరఫునో వాదించేవారు పోటీ న్యాయవాదులు. వారి పని ఈ దేశంలో ఎంతవరకు ఫలించిందో, ఎక్కడ ఆగిపోయిందో చూడటానికి సిమెంటు కేసును మించిన ఉదాహరణ లేదు. కింది సంవాదంలో ఒకరు జగ్గయ్యపేటలో సిమెంటు, ఇనుము అమ్ముతూ స్వగ్రామంలో పత్తి సాగు చేయించే వర్తకుడు, మరొకరు నందిగామ కోర్టులో వృత్తి ప్రారంభించి ఢిల్లీలో పోటీ కేసులు వాదించే ప్లీడరు. ఇద్దరూ కల్పితులు, వారు ఉదాహరించే కేసులు, తేదీలు, అంకెలు మాత్రం వాస్తవాలు.

వర్తకుడు: ప్లీడరుగారూ, బజారులో ఎవరినడిగినా చెప్పే సంగతిని రుజువు చేయడానికి ఢిల్లీలో ఏళ్ళకేళ్ళు పట్టడం విడ్డూరంగా లేదా? సాయంత్రం ఒక కంపెనీ సేల్స్ ఆఫీసరు ఫోన్ చేసి రేపటి నుంచి బస్తాకు ఇరవై పెరుగుతుందంటాడు. గంట తిరగకముందే రెండో కంపెనీవారు, మూడో కంపెనీవారు అదే మాట చెబుతారు. గని పక్కనే ఉంది, కరెంటు చార్జీ రాత్రికి రాత్రి మారలేదు, లారీ కిరాయి మారలేదు. ఇది సిండికేటు కాక మరేమిటి?

ప్లీడరు: షావుకారుగారూ, మీ దుకాణానికి చేరేది ఫలితం; చట్టం అడిగేది ఆ ఫలితం వెనుక ఒప్పందం ఉందా అని. అమ్మేవారు నలుగురైదుగురే ఉండి, సరుకు అంతా ఒకే తీరుగా ఉన్న మార్కెట్టులో ఒకరు ధర పెంచితే మిగిలినవారు దాన్ని గమనించి తామూ పెంచవచ్చు. ఆ పని వినియోగదారుడికి నష్టమే అయినా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరికి వారు చేసినంతవరకు నేరం కాదు. మాట్లాడుకుని చేస్తే దాన్ని కార్టెల్ అంటారు, మీ బజారు భాషలో సిండికేటు. 2018 అక్టోబరు 1న వంటగ్యాసు సిలిండర్ల తయారీదారుల కేసులో సుప్రీంకోర్టు జరిమానాలను కొట్టివేసింది. టెండర్లలో ధరలు ఒకేలా ఉండటం నిజమే అయినా, కొనేది కొద్దిపాటి చమురు సంస్థలే అయిన ఆ మార్కెట్టు తీరు వల్ల కూడా అలా జరిగే అవకాశం ఉందని కోర్టు భావించింది.

వర్తకుడు: అంటే కుమ్మక్కయినవారు కాగితం మీద రాసుకుని సంతకాలు చేస్తేనే మీ చట్టానికి కనబడుతుందన్నమాట.

ప్లీడరు: అలా కాదు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండనక్కరలేదని, ఒక అవగాహన, ఒక ఉమ్మడి చర్య ఉన్నా చాలునని చట్టమే నిర్వచించింది. ధరను నిర్ణయించుకునే, ఉత్పత్తిని తగ్గించుకునే, మార్కెట్టును పంచుకునే ఒప్పందం ఉందని తేలితే, దానివల్ల పోటీకి హాని జరిగిందని కమిషన్ వేరుగా రుజువు చేయనవసరం లేదు. హాని జరగలేదని చూపవలసిన బరువు కంపెనీలదే. కాబట్టి అసలు పోరాటం మొదటి మెట్టు దగ్గరే జరుగుతుంది. సమావేశాల హాజరు పట్టికలు, ఈమెయిళ్ళు, ఫోన్ కాల్ వివరాలు, నెలవారీ ఉత్పత్తి లెక్కలు, లారీల పంపకాల రికార్డులు ఒకచోట పేర్చి, ఇవన్నీ విడివిడిగా యాదృచ్ఛికం కావచ్చేమో గాని కలిపి చూస్తే కాదని చూపడమే ఫిర్యాదుదారుడి న్యాయవాది పని. అదే కాగితాల కట్టను విడదీసి, ఒక్కొక్క కాగితానికి వేరే కారణం చెప్పడం ఎదుటి న్యాయవాది పని.

సిమెంటు కేసులో ఆ కట్ట ఎలా ఉందో కొంత వివరంగా చూడటం అవసరం. నిర్మాణ కాంట్రాక్టర్ల సంస్థ అయిన బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 2010లో కమిషన్‌కు ఫిర్యాదు చేయగా, కమిషన్ దర్యాప్తు విభాగమైన డైరెక్టర్ జనరల్ కార్యాలయం విచారణ చేపట్టింది. సిమెంట్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ వేర్వేరు కేంద్రాల టోకు, చిల్లర ధరలను సభ్య కంపెనీల ద్వారా సేకరించేది. ఆ సేకరణ ప్రభుత్వం కోరిన లెక్కల కోసమేనని సంఘం వాదించినా, పోటీదారుల ధరలు పోటీదారుల చేతికే క్రమం తప్పకుండా చేరే మార్గం అదేనని కమిషన్ గుర్తించింది. 2011 ఆరంభంలో సంఘం ఉన్నత స్థాయి కమిటీ సమావేశాలు జరిగిన వెంటనే ధరలు పెరిగాయి. సంఘంలో సభ్యత్వం వదులుకున్నామని చెప్పిన ఏసీసీ, అంబుజా ప్రతినిధులు కూడా ఆ కమిటీ సమావేశాలకు హాజరయ్యారని రికార్డులో ఉంది. అన్నిటికంటె బలమైన అంకె స్థాపిత సామర్థ్య వినియోగం, అంటే కర్మాగారాలు తయారు చేయగలిగినదానిలో నిజంగా తయారు చేసిన శాతం: అది 2009–10లో 83 శాతం ఉండగా 2010–11లో 73 శాతానికి తగ్గింది. కొత్త కర్మాగారాలు వస్తున్న కాలంలో ధర తగ్గవలసింది పోయి, తయారీ తగ్గి ధర పెరిగిందన్నది కమిషన్ చేసిన నిర్ధారణ. 2012 జూన్ 20న 11 కంపెనీలపై 6,300 కోట్ల రూపాయలకు పైగా జరిమానా పడింది; జైప్రకాశ్ వంతు సుమారు 1,323 కోట్లు, మద్రాస్ సిమెంట్స్ వంతు సుమారు 258 కోట్లు. జగ్గయ్యపేట మండలంలోని రెండు కర్మాగారాల యజమానులు ఆ విధంగా ఒకే ఉత్తర్వు కిందికి వచ్చారు.

వర్తకుడు: ఆ జరిమానా సంగతి పత్రికల్లో చదివాము, సంతోషించాము. తరువాత 2015లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని ఎందుకు కొట్టివేసిందో చెప్పండి. కంపెనీలు నిర్దోషులనా? కాదే! తుది వాదనలు జరిగినప్పుడు హాజరు కాని ఛైర్‌పర్సన్ ఉత్తర్వుపై సంతకం పెట్టారట, అందుకని! ఆరు వేల కోట్ల తీర్పును ఒక సంతకం సాకుతో పడగొట్టడం మీ వృత్తికి గర్వకారణమా? జనం సొమ్ము పోయిందా లేదా అన్నది ఒక ప్రశ్న, కుర్చీలో ఎవరున్నారన్నది మరొక ప్రశ్న; రెండోదాన్ని అడ్డం పెట్టి మొదటిదాన్ని మరుగుపరిచారు.

ప్లీడరు: విన్నవారే తేల్చాలన్న ఆ సూత్రం కంపెనీల న్యాయవాదులు ఢిల్లీలో కల్పించినది కాదు షావుకారుగారూ, దాని కోసం ఎప్పుడో పోరాడి గెలిచింది ఈ కృష్ణా జిల్లా బస్సు యజమానులు.

వర్తకుడు: బస్సులకూ సిమెంటుకూ ఏమిటి సంబంధం?

ప్లీడరు: ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958లో ఏర్పడిన తొలి రోజుల్లో కృష్ణా జిల్లా రూట్లను జాతీయం చేసే పథకం వచ్చింది. అంతవరకు ఆ రూట్లలో బస్సులు నడిపినవారు ప్రైవేటు యజమానులు. చట్టం వారికి అభ్యంతరం చెప్పుకునే హక్కు ఇచ్చింది. ఆ అభ్యంతరాలను రవాణా వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యదర్శి విన్నాడు, నిర్ణయం మాత్రం ముఖ్యమంత్రి తీసుకున్నారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు పేరున నడిచిన ఆ కేసులో 1958 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు రాసినవారు రాజమహేంద్రవరానికి చెందిన కోకా సుబ్బారావుగారు. ఒకరు విని మరొకరు తేలిస్తే వినడమనేది ఉత్త తంతుగా మిగులుతుందని, పైగా పథకాన్ని తలపెట్టిన శాఖకు చెందిన అధికారే అభ్యంతరాలు వినడం పక్షపాతానికి చోటిస్తుందని ఆ తీర్పు సారం. వాదించేవాడి ముఖం చూస్తూ, అడగదలచిన ప్రశ్న అడుగుతూ, వచ్చిన సమాధానాన్ని తూచి చూసుకునే అవకాశం తీర్పరికి ఉండాలన్నదే దాని మర్మం. 2015 డిసెంబరు 11న సిమెంటు ఉత్తర్వును రద్దు చేసిన సూత్రం అక్షరాలా ఇదే. 1958లో ఆ రక్షణ అడిగినది ప్రభుత్వం ముందు నిలబడిన చిన్న యజమానులు. 2015లో అడిగినది పెద్ద కంపెనీలు. అడిగినవారు పెద్దవారైనంత మాత్రాన రక్షణ తప్పు అవుతుందా?

ఈ ప్రశ్నకు వర్తకుడి వద్ద సమాధానం లేకపోలేదు, అది తేలికగా తోసిపుచ్చదగినదీ కాదు.

వర్తకుడు: బస్సు యజమానుల కథ సగమే చెప్పి ఆపారు. తరువాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విన్నారు, పథకాన్నే ఖాయం చేశారు. ముందే మనసులో నిర్ణయించుకున్నవాడు వినడం ఏమిటని యజమానులు మళ్ళీ సుప్రీంకోర్టుకు వెళితే 1959లో ఆ అభ్యంతరం నిలవలేదు. బస్సులు ఆర్టీసీవే అయ్యాయి. సిమెంటులోనూ అంతే: కమిషన్ మళ్ళీ విన్నది, 2016 ఆగస్టు 31న దాదాపు అదే ఉత్తర్వు మళ్ళీ ఇచ్చింది. ఫలితం మారని విచారణకు అన్నేళ్ళు ఎందుకు ఖర్చు చేయాలి?

ప్లీడరు: ఫలితం మారకపోవడమే ఆ రెండో విచారణకు విలువ. 2012 ఉత్తర్వు అలాగే పైకి వెళ్ళి ఉంటే, కంపెనీలు ఏ మెట్టులోనైనా ఆ ఒక్క లోపాన్ని చూపి బయటపడేవి. 2016 ఉత్తర్వుపై ఆ వాదనకు చోటు లేదు కనుకనే 2018 జూలై 25న అప్పీలు ట్రిబ్యునల్ సాక్ష్యంలోకి దిగి కంపెనీల అప్పీళ్ళను కొట్టివేసింది. తప్పు ఎక్కడుందంటే కమిషన్ 2012లోనే ఆ జాగ్రత్త తీసుకోకపోవడంలో ఉంది. కృష్ణా జిల్లా బస్సుల తీర్పు న్యాయకళాశాలలో ప్రతి విద్యార్థీ చదివేదే. అది తెలిసిన సంస్థ అదే గోతిలో పడటం క్షమించదగినది కాదు.

వర్తకుడు: మరి 2018 తరువాత?

ప్లీడరు: 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు అప్పీళ్ళను విచారణకు స్వీకరించి, జరిమానాలో 10 శాతం జమ చేయాలనే షరతుపై మిగిలినదాని వసూలును నిలిపింది.

వర్తకుడు: 2010లో ఫిర్యాదు చేసిననాడు ఇల్లు కట్టుకున్నవాడు ఇప్పటికి దానికి రెండుసార్లు సున్నం వేయించి ఉంటాడు. బస్తా మీద ఎక్కువ ఇచ్చిన డబ్బు వాడికి తిరిగి వచ్చిందా? ఈలోగా బూదవాడ కర్మాగారం ఒక కంపెనీ నుంచి మరొక కంపెనీకి మారింది, జరిమానా పడిన ఇండియా సిమెంట్స్ కూడా 2024 చివర అల్ట్రాటెక్ గూటికే చేరింది. కుమ్మక్కయ్యారని మీరు పట్టుకున్నవారు ఇప్పుడు ఒకే యాజమాన్యం కింద కూర్చుంటే, వారిలో వారికి ఒప్పందంతో పనేమిటి? విలీనాలకు అనుమతి ఇచ్చినదీ మీ కమిషనే కదా!

ఇక్కడ వర్తకుడు ముట్టుకున్నది పోటీ చట్టంలోని అతి కష్టమైన చోటు. కుమ్మక్కు నిషేధం, విలీనాల పరిశీలన ఒకే చట్టంలోని రెండు విభాగాలే అయినా, మొదటిది గడచినదాన్ని శిక్షిస్తుంది, రెండోది రాబోయేదాన్ని ఊహించి అనుమతిస్తుంది. మొదటిది సుప్రీంకోర్టులో నిలిచి ఉండగా రెండోది ముందుకు సాగిపోతే, శిక్ష తేలేనాటికి మార్కెట్టే మారిపోతుంది. సిమెంటు బరువైన సరుకు, దూరం పోయేకొద్దీ రవాణా ఖర్చు ధరను మింగేస్తుంది. కనుక దేశం మొత్తం లెక్కలో చిన్నదిగా కనిపించే వాటా, గని చుట్టూ ఉన్న జిల్లాల లెక్కలో చాలా పెద్దది కావచ్చు. కుమ్మక్కు కేసు తేలనిచోట విలీనాన్ని మరింత నిశితంగా చూడవలసిన బాధ్యత కమిషన్‌పై ఉన్నదన్నది ఈ వ్యాసం అభిప్రాయం.

వర్తకుడు: ఇక పత్తి విత్తనం సంగతికి రండి. నందిగామ రైతుకు మేలు చేసింది కోర్టులా, ప్రభుత్వమా? 2005 ప్రాంతంలో ఎకరానికి సరిపడే 450 గ్రాముల బీటీ విత్తనం ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటింది, అందులో సుమారు 1,250 బీటీ సాంకేతికతను విత్తన కంపెనీలకు ఇచ్చే మహికో మోన్‌శాంటో రాయల్టీయే. 2006లో రాష్ట్ర ప్రభుత్వం 750కి మించి అమ్మరాదంది, తగ్గింది. ఏ వాదనలూ లేవు, ఏ వాయిదాలూ లేవు.

ప్లీడరు: వాదనలు జరిగాయి, అవి మీరు మరచిపోయారు. 2006 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెళ్ళినది పాత గుత్తాధిపత్య కమిషన్ ముందుకే. చైనాలో వసూలు చేసేదానితో పోల్చి ఈ రాయల్టీ హెచ్చని చూపి, మే 11న దాన్ని తగ్గించాలనే తాత్కాలిక ఉత్తర్వు సంపాదించిన తరువాతే 750 అనే అంకెకు బలం వచ్చింది. ప్రభుత్వం ఒక అంకె వేస్తే ఆ అంకె వరకే మేలు. ఆ రాయల్టీ ఎందుకు అంత పెరగగలిగిందో, విత్తన కంపెనీలతో కుదుర్చుకున్న లైసెన్సు షరతులు పోటీదారులను ఎలా బయట ఉంచాయో అది అడగదు.

వర్తకుడు: అడిగినప్పుడు మాత్రం ఏమయింది? మన నూజివీడు పేరున్న విత్తన సంస్థ, కేంద్ర వ్యవసాయ శాఖ చెప్పిన మీదట 2016 ఫిబ్రవరిలో కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. మోన్‌శాంటో హైకోర్టుకు వెళ్ళింది. 2021లో ఆ రెండు సంస్థలూ రాజీపడ్డాయి. 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు, పేటెంటు లైసెన్సుల విషయంలో పేటెంట్ల చట్టమే పైచేయి అంటూ కమిషన్‌కు అధికారం లేదని తేల్చింది. ఈలోగా 2016లోనే కేంద్రం ధరల ఉత్తర్వు కింద ప్యాకెట్టు 800గా నిర్ణయించింది. రైతుకు అందినది ధర అదుపే, మీ దర్యాప్తు కాదు.

ప్లీడరు: విత్తనం విషయంలో మీ మాటే నెగ్గిందని ఒప్పుకోక తప్పదు. కాని ప్రతి సరుకుకూ ప్రభుత్వం ధర కట్టలేదు, కట్టరాదు కూడా. సిమెంటు ధర మీద 1989 వరకు ప్రభుత్వ అదుపు ఏదో రూపంలో ఉంది. ఆ రోజుల్లో పర్మిట్ల కోసం తహసీల్దారు కార్యాలయాల చుట్టూ తిరిగినవారిని మీ నాన్నగారి తరం చూసింది. అదుపు ఎత్తివేసిన చోట పోటీ చట్టం పని చేయకపోతే మిగిలేది కంపెనీల ఇష్టమే.

వర్తకుడు: ఆ పనిచేసేవారిలో మంచి న్యాయవాదులంతా కంపెనీల వైపే ఉంటారు కదా!

ప్లీడరు: ఎక్కువమంది అటే ఉన్నారు, నిజమే. అయినా కంపెనీ న్యాయవాది మంచి పని చేసిన రోజు కోర్టులో కనబడదు. సంఘం సమావేశానికి వెళ్ళే అధికారికి ధరల మాట వస్తే లేచి వెళ్ళమని, వెళ్ళినట్లు మినిట్సులో రాయించమని చెప్పి పంపితే నేరమే జరగదు. జరిగిపోయినచోట, కుమ్మక్కులో ఉన్న కంపెనీయే ముందుగా వచ్చి పూర్తి సాక్ష్యం ఇస్తే జరిమానా నూరు శాతం వరకు తగ్గే వీలు చట్టంలో ఉంది. బ్యాటరీల కేసులో 2018లో పానాసోనిక్ సంస్థకు అలా మొత్తం తగ్గింది. ఆ నిర్ణయం తీసుకొమ్మని కంపెనీకి చెప్పేది న్యాయవాదే. ఇంకో మాట, కోపగించుకోవద్దు: ఊళ్ళో డీలర్లంతా కూర్చుని ఫలానా రేటుకు తక్కువగా ఎవరూ అమ్మరాదని తీర్మానించుకుంటే అదీ కుమ్మక్కును నిషేధించే సెక్షను కిందికే వస్తుంది. మందుల దుకాణాల సంఘాలపై కమిషన్ జరిమానాలు వేసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది.

వర్తకుడు: చిన్న దుకాణదారుడు బతకడానికి చేసుకునే కట్టుబాటును, వేల కోట్ల కంపెనీ కుమ్మక్కును ఒకే గాటన కడతారా?

ప్లీడరు: జరిమానా అమ్మకాలను, లాభాన్ని బట్టి ఉంటుంది కనుక బరువు ఒకటి కాదు. కాని కొనేవాడి జేబులోంచి పోయే ఇరవై రూపాయలకు పెద్ద కంపెనీ, చిన్న దుకాణం అనే తేడా ఉండదు.

ఈ చివరి విషయంలో ప్లీడరు మాటే సబబు, వర్తకుడి అసంతృప్తి ఎంత సహజమైనా. విచారణ హక్కు విషయంలోనూ ప్లీడరుదే న్యాయం. విన్నవారే తేల్చాలన్న నియమాన్ని ఆరు వేల కోట్ల కోసం వదులుకుంటే, రేపు నందిగామలో ఒక చిన్న వ్యాపారి లైసెన్సు రద్దయినప్పుడు అడగడానికి ఏమీ మిగలదు. కాని జాప్యం విషయంలో వర్తకుడి ఆరోపణకు ప్లీడరు వద్ద జవాబు లేదు. జరిమానా వసూలైనా చేరేది ప్రభుత్వ ఖజానాకే. ఎక్కువ ధర చెల్లించినవారు నష్టపరిహారం కోరే వీలు చట్టంలో 53ఎన్ సెక్షను కింద ఉన్నది గాని, ఉల్లంఘన తేలిన తరువాతే అప్పీలు ట్రిబ్యునల్ ముందు అది అడగాలి. సుప్రీంకోర్టులో అప్పీళ్ళు తేలనంతకాలం ఆ తలుపు పేరుకు మాత్రమే తెరిచి ఉన్నట్లు. ఇంత పెద్ద కేసుల్లో అప్పీళ్ళకు గడువు విధించడం, వసూలైన జరిమానాలో కొంత భాగాన్ని కొనుగోలుదారుల పరిహారానికి కేటాయించడం పార్లమెంటు చేయవలసిన పనులు. 2023 సవరణ చట్టం పెనాల్టీలను మార్చింది, రాజీ విధానాలను తెచ్చింది గాని ఈ రెండింటిని ముట్టుకోలేదు.

కమిషన్ ముందు సమాచారం దాఖలు చేయడానికి స్వయంగా నష్టపోయి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో స్పష్టం చేసింది. వ్యక్తులకు, వినియోగదారుల సంఘాలకు, సహకార సంఘాలకు రుసుము 5,000 రూపాయలు. 2023 సవరణ తరువాత కారణం ఏర్పడిన నాటి నుంచి 3 ఏళ్ళలోపు దాఖలు చేయాలి, ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. కనుక సిమెంటు కొన్న ప్రతివారూ, విత్తనం కొన్న ప్రతి రైతూ తేదీ, ధర ఉన్న బిల్లు అడిగి తీసుకుని దాచుకోవాలి. జగ్గయ్యపేట, నందిగామలలోని కాంట్రాక్టర్లు, రైతు సహకార సంఘాలు అటువంటి బిల్లులను నెలవారీగా ఒకచోట చేర్చి ఉంచాలి.